ఎ.టి.పి. వెనుక మన తెలుగువాడు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బై.పి.సి. తీసుకున్న మన హాస్టల్ తమ్ముళ్ళకు ఎ.టి.పి. అనే మూడక్షరాలు కొత్త కాదు. కణానికి శక్తినిచ్చే అణువు అని ఎన్నోసార్లు జవాబు రాసే ఉంటారు. బడిలో వారానికోసారి మింగించే నీలం రంగు ఐరన్ - ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా తెలుసు. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి ఇచ్చే డి.ఇ.సి. మాత్రలు మన ఊళ్ళలో చాలామంది మింగినవే. ఈ మూడింటి చరిత్రలోనూ ఒకే మనిషి కనిపిస్తాడు. ఆయన భీమవరంలో పుట్టిన తెలుగువాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

మన వార్షికోత్సవ సంచికలో ఎప్పుడూ దేశనాయకుల జీవితాలు వస్తుంటాయి. అవి రావలసిందే. ఈసారి మాత్రం ప్రయోగశాలలో బతికి, ప్రయోగశాలతోనే పోయిన ఒక మనిషి గురించి రాయాలనిపించింది. బయోకెమిస్ట్రీ చదివిన పూర్వ విద్యార్థిగా ఆయన పేరున్న పద్ధతితో భాస్వరం కొలిచినవాణ్ణి కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుందనుకుంటాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రి చేసింది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం దెబ్బతిని అది కూడా ముందే మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ళ వయసులో ఈ కుర్రవాడు చదువు ఒదిలేసి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. దారిలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. తల్లి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదువు సాగలేదు, పరీక్ష తప్పారు. ఇంకోసారి రాసి ఇంకోసారి తప్పారు. చివరికి మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్లో చేరి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. సుబ్బారావు గారిది బ్రాహ్మణ కుటుంబం. మన తాతలకు మూసి ఉన్న బడి తలుపులు ఆయనకు పుట్టుకతోనే తెరిచి ఉన్నాయి. నీళ్ళ దగ్గరా, గుడి దగ్గరా ఆయన్ను ఎవరూ ఆపి ఉండరు. ఆయన కష్టమూ మన కష్టమూ ఒకటేనని రాస్తే అది అబద్ధం అవుతుంది. కానీ ఫీజు కట్టలేని ఇల్లు, పరీక్ష తప్పిన సిగ్గు, ఎవరి సొమ్ముతోనో చదువుకునే బరువు ఆయనకూ తెలుసు. సముద్రం దాటాక రంగు చూసి కొలిచే మనుషులు కూడా ఎదురయ్యారు. ఆ సంగతి ముందు వస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు పోయింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరైతే సేవ చేయవచ్చు కదా అని పెద్దలు చెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు డబ్బు పెట్టింది కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. తర్వాత 1919లో ఆయన కూతురు శేషగిరిని సుబ్బారావు గారు పెళ్ళి చేసుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో చనిపోయారు. మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బు ఇలాంటిదే. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. మనిషి అన్నం తింటూనే ఎండిపోతాడు. మెడికల్ కాలేజీలో చదువుతున్న తమ్ముడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు, ఎందుకంటే అప్పటికి ఆ జబ్బుకు మందే లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇరవై ఏడేళ్ళ తర్వాత ఇది మళ్ళీ ఆయన ముందుకు వస్తుంది.

అది గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరు బట్టతో కుట్టించిన కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. శస్త్రచికిత్స బోధించే ఇంగ్లీషు ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దానితో మంచి ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనికి కుదిరారు. అక్కడ పాత మందుల గుణాలు చూశాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఈ వేరులో, ఈ ఆకులో నిజంగా పనిచేసే పదార్థం ఏది? అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది? దీనికి జవాబు వైద్యం పుస్తకాల్లో లేదు. రసాయన శాస్త్రంలో వెతుక్కోవలసిందే.

అమెరికాకు ప్రయాణం అలా మొదలైంది. మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. ఈ నాయకర్ గారు రంగూనులో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని చదువులకూ అన్నదానానికీ రాసిపోయిన మనిషి. ఆయన గడించిన డబ్బు ఆయన పోయాక ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రవాణ్ణి ఓడ ఎక్కించింది. ప్రభుత్వం వారి మెస్ చార్జీలతో చదువుకున్న మనం ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలి.

1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. అప్పటికి శేషగిరి గారు గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. మూడేళ్ళలో తిరిగి వస్తానని వెళ్ళినవారు మళ్ళీ ఇండియా రాలేదు, భార్యను మళ్ళీ చూడలేదు. సుబ్బారావు గారి గొప్పతనం రాసేవాళ్ళు చాలామంది ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. విజ్ఞానం కోసం చేసిన త్యాగం అంటారు. ఆ త్యాగంలో సగం కంటే ఎక్కువ శేషగిరి గారిదని నా అభిప్రాయం. ఆమెను ఎవరూ అడిగి చేయించిన త్యాగం కాదది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదట ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ అనే ఆచార్యుడు ఆదుకున్నారు. చేతిలో ఉన్నది ఎల్.ఎం.ఎస్. కాబట్టి అక్కడి ఆసుపత్రుల్లో డాక్టరుగా పనిచేసే వీలు లేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం, పక్కలు సర్దడం ఆ పని. మన దేశంలో అలాంటి పని ఏ కులం వాళ్ళ నెత్తిన పెట్టారో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సుబ్బారావు గారు ఆ పని రాత్రి చేసి, పగలు తరగతికి వెళ్ళారు. 1924లో డిప్లొమా చేతికొచ్చింది. వెంటనే అదే విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ శాఖలో విద్యార్థిగా చేరారు.

ఆ శాఖకు పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో చక్కెర కొలిచే ఫోలిన్ - వూ పద్ధతి గురించి డిగ్రీ పిల్లలు చదివే ఉంటారు, ఆ ఫోలిన్ ఈయనే. ఆయన దగ్గర చదువంటే మొట్టమొదట కొలత. ఒంట్లో ఒక పదార్థం ఉందని చెప్పాలంటే అది ఎంత ఉందో చెప్పగలగాలి. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి కింద సుబ్బారావు గారికి ఇచ్చిన పని భాస్వరాన్ని కొలవడం. రక్తంలోనూ మూత్రంలోనూ కండరంలోనూ భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది. కొలిచే పద్ధతులు అప్పటికే కొన్ని ఉన్నా అవి నిదానం, వాటి మీద నమ్మకమూ తక్కువే.

వాళ్ళిద్దరూ 1925లో అచ్చువేసిన పద్ధతి చూడటానికి చాలా సులువుగా ఉంటుంది. ముందు నమూనాలోంచి ప్రోటీన్లు తీసేయాలి. మిగిలిన ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో జతకడుతుంది. తర్వాత దాన్ని క్షయకరణం చేసే ఎ.ఎన్.ఎస్.ఎ. అనే కారకం కొద్దిగా వేస్తే ద్రవం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం పక్కన పెట్టి రంగు పోల్చుకుంటే లెక్క వచ్చేస్తుంది. ఇప్పుడైతే కలరీమీటర్లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగు తీసుకుంటాం. ఫిస్క్ - సుబ్బారో పద్ధతి అని రికార్డులో శీర్షిక రాసి, ఎర్ర సిరాతో గీత గీసి, ఆ సుబ్బారో ఎవరో తెలియకుండానే పరీక్ష పాసైన విద్యార్థులు మన రాష్ట్రాల్లో ఎంతోమంది ఉన్నారు. బయోకెమిస్ట్రీ శాస్త్రంలో ఒక తెలుగు ఇంటిపేరు కాదు, తెలుగు మనిషి పేరే పద్ధతికి పేరై నిలిచింది.

ఈ కొలత నుంచే అసలు కథ పుట్టింది. కండరాల నుంచి తీసిన ద్రవాన్ని ఈ పద్ధతితో పరీక్షిస్తుంటే నీలం రంగు రావలసినంత త్వరగా రావడం లేదు. మామూలు ఫాస్ఫేటు అయితే ఇంత ఆలస్యం ఉండకూడదు. ఇంకొకరైతే కారకం పాతబడిందనుకుని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదు, ఇంకేదో అణువుకు వదులుగా అతుక్కుని ఉంది, ఆమ్లం తగలగానే నెమ్మదిగా విడిపోతోంది, అందుకే రంగు మెల్లగా పైకి వస్తోంది. ఆ అణువు ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో తేల్చారు. అదే ఏడాది లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థం ఒకటి ఉందని గమనించారు. అది రసాయనికంగా ఏమిటో తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట. కండరం పనిచేసేటప్పుడు ఈ పదార్థం తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ పెరుగుతుంది. అప్పటిదాకా కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని శాస్త్రవేత్తల నమ్మకం. 1922 సంవత్సరపు వైద్య నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మయర్‌హాఫ్‌ల పరిశోధనలు కూడా ఆ దారిలోనివే. ఫాస్ఫోక్రియాటిన్ దొరకడంతో ఆ నమ్మకం కదిలింది.

1929లో కండరం నుంచే ఇంకొక పదార్థాన్ని విడదీశారు. ఎడినిన్ అనే క్షారం, రైబోస్ అనే చక్కెర, వరుసగా మూడు ఫాస్ఫేటులు. అదే ఎ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దాన్ని కనుగొన్నారు. మనం నడిచినా, ఆలోచించినా, నిద్రలో గుండె కొట్టుకున్నా ఈ ఎ.టి.పి. ఖర్చవుతుంది. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది తక్కువే. కానీ ఒక రోజులో తయారై, ఖర్చై, మళ్ళీ తయారయ్యే మొత్తం లెక్క వేస్తే దాదాపు మన ఒంటి బరువంత ఉంటుంది. సుబ్బారావు గారికి 1930లో పిహెచ్.డి. వచ్చింది. మెట్రిక్ తప్పిన కుర్రవాడికి అప్పటికి ముప్పై అయిదేళ్ళు.

పట్టా వచ్చినా పదవి రాలేదు. హార్వర్డులో పదేళ్ళు పనిచేసినా శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పంజాబీ కేసులో, భారతీయులు శ్వేతజాతి కిందకు రారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946 చట్టం వచ్చేదాకా అదే పరిస్థితి. ఆ దేశంలో ఆయన ఎంత చేసినా బయటివాడే. దానికి తోడు తన పేరు తాను చెప్పుకునే అలవాటు లేదు. ఫిస్క్‌తో కలిసి చేసిన పనిలో పేరంతా ఫిస్క్‌కు పోతున్నా నోరు మెదపలేదు. అప్పట్లో అదే శాఖలో చదివి, 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత రోజుల్లో ఈ సంగతి బయటపెట్టారు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు వెలుగులోకి రాకపోవడం వల్ల ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ, దానికి ఫిస్క్ కారణమనీ ఆయన చెప్పారు. సుబ్బారావు గారి వినయాన్ని చాలామంది మెచ్చుకుంటారు. నాకు మాత్రం అది పూర్తిగా మెచ్చుకోదగ్గదిగా కనిపించదు. మనం చేసిన పని మనదని చెప్పడం గర్వం కాదు. మన వాళ్ళ పని ఎవరి ఖాతాలోకి పోయిందో వెతుక్కుంటూ మనమిప్పటికీ పుస్తకాలు తిరగేస్తున్నాం కదా.

1940లో హార్వర్డు వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు. మొదటిసారి చేతికింద మనుషులూ, డబ్బూ, పరికరాలూ అన్నీ ఉన్నాయి. మందు కోసం మద్రాసులో మొదలైన ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం అప్పుడు వచ్చింది.

ముందుగా ఫోలిక్ ఆమ్లం. దీని కథ కూడా మన దేశంలోనే మొదలైంది. 1928 తర్వాత బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బట్టల మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించారు. గర్భిణులకు వచ్చే ఒకరకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపించారు. ఆ సారంలో ఏముందో తెలియదు. 1941లో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. కానీ అది ఆకుల్లో, కాలేయంలో రవ్వంత ఉంటుంది. రోగులకు ఇవ్వాలంటే ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ బృందం దాని నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. వెంటనే దాన్ని రక్తహీనత రోగులకూ, స్ప్రూ రోగులకూ ఇచ్చి చూశారు. స్ప్రూ రోగులు తేరుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు అదే.

తర్వాతిది ఇంకా ఆశ్చర్యం కలిగించేది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువైంది. అంటే ఆ కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలన్నమాట. మరి దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లం లాగే కనిపించి, కణాన్ని మోసం చేసే అణువులు తయారుచేసింది. తాళంలో దూరి తిరగని దొంగ తాళంచెవి లాంటివి అవి. వాటిలో ఎమినోప్టెరిన్ అనేదాన్ని ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఉపశమనం ఎక్కువకాలం నిలవలేదు, నిజమే. కానీ పిల్లల రక్తక్యాన్సర్ మందుకు లొంగుతుందని ప్రపంచం చూడటం అదే మొదలు. దాని తమ్ముడి లాంటి మందు మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. కీళ్ళవాతానికీ అదే ఇస్తున్నారు.

బోదకాలు మందు హెట్రజాన్, అంటే మన డి.ఇ.సి., 1947లో అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి బోదకాలు అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందులు వెతికే పనికి ఆయన 70 దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన ఆ పెద్దాయన కనుక్కున్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల వంశానికి అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వచ్చినప్పుడు జనం పంచుకున్నది ఆ వంశపు మందునే.

ఒక మనవి. ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే బతుకే లేదన్నట్టు ఏటా కొంతమంది తమ్ముళ్ళు ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి పోతున్నారు. డిగ్రీలో బయోకెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఉండే కోర్సులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, పి.జి. కూడా ఉంది. ప్రాక్టికల్స్ ఎక్కువ, ఓపిక కావాలి, ఇంగ్లీషు పదాలు మొదట భయపెడతాయి. రసాయన శాస్త్రం మీద ఇష్టం ఉంటే ఆ భయం ఒక సెమిస్టరులో పోతుంది. వివరాలు కావలసినవారు వార్షికోత్సవం రోజున నన్ను అడగవచ్చు.

సుబ్బారావు గారు చివరిదాకా ఒంటరిగానే బతికారు. విమానం నడపడం నేర్చుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క ఖరీదైన సరదా. చట్టం మారిన తర్వాత కూడా అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులోని తన గదిలో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. 9వ తేదీ ఉదయం చూసేసరికి ప్రాణం లేదు. వయసు 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

ఆయన శతజయంతి సంవత్సరం 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. అంతకు చాలా ముందే, 1953లో, అమెరికాలో మురుగునీటిని శుద్ధిచేసే ఫిల్టర్లలో దొరికిన ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన జ్ఞాపకంగా సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు.